కుడి పేజీలో ఊదా సిరా

దయ్యాలు రాత్రిపూటే తిరుగుతాయని మొదట చెప్పిన పెద్దమనిషి ఎవరో గానీ, ఆయన ఏనాడూ మిట్టమధ్యాహ్నం ఒక రేకుల షెడ్డులో, పాత విమానం పక్కన ఒంటరిగా నిలబడి ఉండడు. నేను నిలబడ్డాను. నవ్వకండి. టీ తాగుతూ నెమ్మదిగా వినండి.

నాకో విమానం ఉందని మీకు తెలుసు. విమానమంటే మీరు ఊహించుకునేది కాదు. రెండు సీట్లు, నాలుగు సిలిండర్లు, ముక్కుమీద ఒక ప్రొపెల్లరు. వయసులో నాకన్నా నాలుగేళ్లు పెద్దది. మా ఆవిడ దాన్ని "సవతి" అంటుంది. ఆదివారం పొద్దున్నే స్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకున్నానంటే చాలు, "సవతి కబురు పెట్టిందా?" అని అడుగుతుంది.

తొమ్మిదేళ్ల కిందట దాన్ని కొన్న రోజున ఆవిడకు ఒక మాటిచ్చాను. లైసెన్సు రాగానే ఎక్కించుకుని మనింటి మీదుగా ఒక చుట్టు తిప్పుతానన్నాను. ఆవిడ కోరిక కూడా పెద్దదేం కాదు. తాను రోజూ బట్టలారేసే డాబా పైనుంచి చూస్తే ఎలా ఉంటుందో చూడాలట. అంతే.

లైసెన్సు వచ్చింది. ఇంకాస్త చెయ్యి తిరగనీ అన్నాను. చెయ్యి తిరిగింది. ఇంతలో రెండేళ్ల కిందట ఒక సాయంత్రం అడ్డగాలిలో దిగబోయి, ఆ విమానాన్ని రన్‌వే మీద మూడుసార్లు బంతిలా ఎగరేశాను. చక్రాలకేం కాలేదు, రెక్కలకేం కాలేదు. నాలోనే ఏదో విరిగింది. ఆనాటి నుంచి, నడిపేవాడు కూర్చునే ఎడమ సీటులో కూర్చుంటే చాలు, అరచేతులు చెమటలు పట్టేవి.

ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. నేను కళ్లజోళ్ల దుకాణం వాణ్ణి. ఊరందరికీ ధైర్యంగా "ఇప్పుడు స్పష్టంగా కనబడుతోందా?" అని అడిగేవాణ్ణి. అలాంటివాణ్ణి పెళ్లాం ముందు పిరికివాణ్ణని ఎలా ఒప్పుకుంటాను?

అప్పుడు నన్ను కాపాడింది లోపాల పుస్తకం. ప్రతి విమానానికీ అలాంటిదొకటి ఉంటుంది. ఎడమ పేజీలో నడిపేవాడు తనకు కనబడిన లోపం రాస్తాడు. కుడి పేజీలో మెకానిక్ దానికేం చేశాడో రాసి సంతకం పెడతాడు. కుడి పేజీ నిండేదాకా విమానం నేల వదలకూడదు. ఆ నియమం పెట్టిన మహానుభావుడికి నేను రోజూ దణ్ణం పెట్టుకునేవాణ్ణి.

ప్రతి ఆదివారం వెళ్లి ఎడమ పేజీలో ఒక అబద్ధం రాసేవాణ్ణి. వారంలో ఏదో ఒక రోజు మెకానిక్ వచ్చి చూసి, "లోపం కనబడలేదు" అని సంతకం పెట్టేవాడు. మళ్లీ ఆదివారానికి కొత్త అబద్ధం. అబద్ధపు లోపానికి ఒక మర్యాద ఉంది. అది అప్పుడప్పుడు మాత్రమే రావాలి, మెకానిక్ వచ్చినప్పుడు రాకూడదు.

మెకానిక్ పేరు చెవిమాస్టారు. పొడుగాటి స్క్రూడ్రైవరు కొసను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి ఆనించి, లోపల ఏ వాల్వు ఏమని గొణుగుతోందో చెప్పేస్తాడు. మనుషులు చెప్పేది మాత్రం రెండోసారి అరిస్తేగానీ వినబడదు. నాకు ఎగరడం నేర్పింది కూడా ఆయనే.

ఇంట్లో సంభాషణ ఇలా నడిచేది.

"ఈ వారం ఏం జబ్బు మా సవతికి?"

"ఆయిల్ ప్రెషర్ ముల్లు వణుకుతోందోయ్."

"పోయిన వారం?"

"రేడియోలో గరగర."

"అంతకు ముందు?"

"తలుపు గడియ."

"దానికి లేని రోగం లేదు, చెయ్యని వైద్యం లేదు. నాకు తలనొప్పి అంటే మాత్రం పడుకో, పోతుంది అంటారు," అని ఒకదాని వెంట ఒకటి మూడు తుమ్ములు తుమ్మింది. ఆవిడ తుమ్మితే మూడే. లైబ్రరీలో చిరిగిన పుస్తకాలు కుట్టి అతికించే ఉద్యోగం. ఆ పాత కాగితాల దుమ్ము ముక్కులోంచి పోదు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఆ ముల్లు సంగతి రాసిన తర్వాతి ఆదివారం అసలు కథ మొదలైంది.

షెడ్డు తలుపు జరిపి లోపలికి వెళ్లాను. బయట గాలి లేదు. ఎండకు పైన రేకులు టిక్కు టిక్కుమంటున్నాయి, ఎవరో గోటితో కొడుతున్నట్టు. పుస్తకం తెరిచాను. కుడి పేజీలో మాస్టారి సంతకం ఉంది. దానిపైన "లోపం కనబడలేదు" అని ఉండాల్సిన చోట, ఊదా సిరాతో, ఎడమకు వాలిన అక్షరాలతో ఇలా ఉంది:

"ముల్లు వణకడం లేదు. వణికేది చూసేవాడి చెయ్యి."

ఆ రాత నాకు తెలుసు.

ఈ విమానాన్ని నాకన్నా ముందు ముప్పై ఒక్క ఏళ్లు నడిపినవాడు కెప్టెన్ గారు. ఆయన పోయి పదేళ్లు. తన మంచం మీదే, నిద్రలో, హాయిగా పోయాడు. విమానం నాకు అమ్మినప్పుడు వాళ్లమ్మాయి, "నాన్న టోపీ మాత్రం అక్కడే ఉండనివ్వండి," అంది. అది ఇప్పటికీ షెడ్డు గోడన మేకుకు వేలాడుతోంది. విమానంతో పాటు వచ్చిన పాత పుస్తకాలన్నీ ఆయన రాతే. ఊదా సిరా, ఎడమకు వాలిన అక్షరాలు, ప్రతి జవాబు చివరా ఒక చిన్న సున్నా చుట్టి మధ్యలో చుక్క.

టోపీ వైపు చూశాను. మేకు మీదే ఉంది. కానీ అది నన్నే చూస్తున్నట్టు అనిపించింది. ఆ రోజు గబగబా "ఎడమ బ్రేకు అప్పుడప్పుడు పట్టడం లేదు" అని రాసేసి బయటపడ్డాను.

వారం తిరిగేసరికి జవాబు సిద్ధంగా ఉంది.

"బ్రేకు బాగుంది. రెండేళ్లుగా దాన్ని తొక్కిపట్టి కూర్చున్నది నువ్వే."

ఆ రోజు ఇంకోటి చూశాను. ఎడమ సీటు నాలుగు గళ్లు ముందుకు జరిగి ఉంది. నేను పొడగరిని, దాన్ని ఎప్పుడూ చివరిదాకా వెనక్కి తోసి ఉంచుతాను. నేను దిగిన తర్వాత ఎవరో అందులో కూర్చున్నారు. కెప్టెన్ గారు కూడా పొడగరే. చచ్చిపోయాక మనిషి పొట్టివాడవుతాడా అని ఆలోచిస్తూ దాన్ని వెనక్కి తోశాను. సీటు పట్టా కీచుమంది. షెడ్డులో ఆ ఒక్క చప్పుడే.

"ఎగిరేటప్పుడు తోకలో వింత శబ్దం" అని రాశాను. ఇది నా అబద్ధాలన్నింటిలోకీ గొప్పది అనుకున్నాను. గాల్లో వినబడే శబ్దాన్ని నేలమీద ఎవడు పరీక్షిస్తాడు?

తర్వాతి ఆదివారం చదువుకున్నాను: "రెండేళ్లుగా నేల వదలనివాడికి గాల్లో శబ్దం ఎలా వినబడింది?"

మాస్టారి ఇంటికి పరిగెత్తాను.

"మాస్టారూ! కుడి పేజీలో ఆ ఊదా రాత మీదేనా?"

"గోదా? ఏ గోదా?"

"ఊదా! ఊదా సిరా!"

"నాకెక్కడిదయ్యా ఊదా సిరా? నాది నలుపు."

"మరి దాని కింద సంతకం ఎందుకు పెట్టారు?"

ఆయన స్క్రూడ్రైవరుతో చెవి గోక్కుని, "పైన రాసింది తప్పా?" అని అడిగాడు.

నేను చెప్పులు వెతుక్కున్నాను.

"నిజమే కదా. నిజం కింద సంతకం పెట్టడానికి నాకేం అభ్యంతరం?" అని తలుపు వేసుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ భోజనం వడ్డిస్తోంది. ఆవిడ చూపుడువేలికి ఊదారంగు మరక ఉంది.

"ఏమిటది?" అన్నాను, కలిపిన ముద్ద కంచంలో వదిలేసి.

"లైబ్రరీ ముద్ర సిరా. పద్దెనిమిదేళ్లుగా ఉంది. ఇవాళ కనబడిందా మీకు?"

నిజమే, పద్దెనిమిదేళ్లుగా ఉంది. నా భయం పిచ్చిగా మారుతోందని నన్ను నేనే తిట్టుకున్నాను.

బుధవారం దుకాణంలో కూర్చోలేకపోయాను. ఒక ముసలాయనకు చదువుకునే అద్దాలకు బదులు దూరపు అద్దాలు బిగించి ఇచ్చాక, ఇక లాభం లేదని తాళం వేసి మధ్యాహ్నం రెండింటికి షెడ్డుకు వెళ్లాను. మైదానంలో పురుగు లేదు. గాలివాటం చూపే గుడ్డసంచి కూడా చచ్చినట్టు వేలాడుతోంది. లోపల విమానం నేను వదిలిన చోటే ఉంది.

ఊరికే ఇంజను మూత మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది.

ఎండకు కాదు, అది నీడలోనే ఉంది. ప్రొపెల్లరు వెనక సందులోంచి వేడి ఆవిరి, కాలిన నూనె వాసన. లోపల లోహం చల్లారుతూ చిటచిటలాడుతోంది. ఇంజను నడిచిన గంటలు లెక్కపెట్టే మీటరు చూశాను. నెలన్నరలో ఏడు గంటలు పెరిగింది. అందులో నావి సున్నా.

చక్రం పక్కనే చతికిలబడ్డాను. కాసేపటికి పుస్తకం ఒళ్లో పెట్టుకుని, ఎడమ పేజీలో, నా జీవితంలో మొదటిసారి నిజాయితీగా ఒక ముక్క రాశాను: "మీకేం కావాలి?"

ఆదివారం వెళ్లేసరికి జవాబు రెండే మాటలు.

"ఇచ్చిన మాట."

దాని కింద మాస్టారి సంతకం, ముద్ర!

నేను కెప్టెన్ గారికి ఏ మాటా ఇవ్వలేదు. ఇచ్చింది ఒక్కరికే, అదీ మా వంటింట్లో, తొమ్మిదేళ్ల కిందట. వంటింట్లో అన్న మాట షెడ్డులో దయ్యానికి ఎలా తెలిసింది? అంటే ఇల్లు కూడా చుట్టబెడుతోందన్న మాట.

ఆ రోజు నేనొక తప్పు చేశాను. నవ్వుతూ చెప్పలేని తప్పు.

ఎంత భయంలోనైనా అలవాటు పోదు. ఇంధనం ట్యాంకు అడుగున ఉన్న చిన్న మీట నొక్కి, గాజు గొట్టంలోకి కాస్త పెట్రోలు తీసి చూశాను. అడుగున నీళ్లు. గుండ్రంగా, మెరుస్తూ, బఠాణీగింజంత నీటిబొట్టు. ట్యాంకు మూత రబ్బరు పాతబడి వాననీళ్లు దిగాయి. ఆ నీళ్లు ఇంజనులోకి వెళ్తే గాల్లోనే ఆగిపోతుంది.

దాన్ని పుస్తకంలో రాయలేదు.

ఎందుకంటారా? నిజమైన లోపం రాస్తే ఒక్క పూటలో బాగుచేసేస్తారు! అబద్ధమైతే నెలలు నడుస్తుంది. పైగా ఇది నా ఆఖరి ఆయుధమని దాచుకున్నాను. ఎవరెక్కుతారులే అనుకున్నాను. గొట్టంలోది గడ్డిలో పారబోసి, "రేడియోలో ఎవరో ఊపిరి పీలుస్తున్నారు" అని రాసి వచ్చాను.

ఇంటికొచ్చి మా ఆవిణ్ణి కూర్చోబెట్టాను.

"చూడు, నీకొక భయంకరమైన విషయం చెప్పాలి. మన విమానంలో కెప్టెన్ గారు ఉన్నారు."

"పోయారుగా?"

"పోయి, ఉన్నారు. ఇక నిన్ను ఎక్కించడం నా వల్ల కాదు. నీ ప్రాణం నాకు ముఖ్యం."

"ఆయన ఎవరినైనా పడేశారా ముప్పై ఒక్క ఏళ్లలో?"

"లేదు."

"మీరు?"

"మూడుసార్లు ఎగరేశాను గానీ పడెయ్యలేదు."

"అయితే మీకన్నా ఆయనే నయం. ఆయన్నే నడపమనండి, నేను వెనకాడను," అని కుట్టాల్సిన పుస్తకాలు తీసుకుని లోపలికి వెళ్లింది.

దయ్యానికి కూడా భయపడని ఆడదానితో కాపురం చేస్తున్నానని ఆ రోజే తెలిసింది. ఇక దారి ఒక్కటే. దయ్యాన్ని కళ్లారా చూడాలి. వెచ్చని ఇంజను కనబడింది బుధవారం కాబట్టి, మళ్లీ బుధవారం పదకొండింటికే షెడ్డుకు చేరి, మూలన కుప్పగా ఉన్న తెల్లటి విమానం ముసుగు కింద దూరాను.

రేకులు టిక్కు టిక్కు. ముసుగు కింద నా ఊపిరి నాకే పరాయివాడి ఊపిరిలా వినబడుతోంది. గంటన్నర గడిచింది. తలుపు జరిగింది.

అడుగుల చప్పుడు. ఒకటి బరువైనది, ఒకటి తేలికైనది. కళ్లు గట్టిగా మూసుకున్నాను. మేకు దగ్గర ఏదో ఒరుసుకున్న చప్పుడు. తర్వాత చాలాసేపు నిశ్శబ్దం, మధ్యమధ్య ఏవో చిన్న లోహపు చప్పుళ్లు. ఆ తర్వాత, ఇంజను చప్పుడు లేకుండానే, చక్రాలు మెల్లగా దొర్లాయి. నా పక్కనుంచి విమానం దానంతటదే నడిచి వెళ్తున్నట్టు దొర్లాయి.

ఒక కన్ను తెరిచాను. మేకు ఖాళీగా ఉంది.

ముసుగు అంచు ఎత్తి చూశాను. విమానం బయట ఎండలో ఉంది. నేనున్న మూలకు కుడి సీటు కనబడదు. ఎడమ సీటు వెనకనుంచి కనబడేది ఒక్కటే, కెప్టెన్ గారి టోపీ. దాని కింద తల ఉన్నట్టే లేదు. టోపీ మెల్లగా అటు తిరిగింది, ఇటు తిరిగింది.

అప్పుడు ఆ టోపీ తుమ్మింది.

ఒకటి. రెండు. మూడు.

మిత్రులారా, ఆ మూడు తుమ్ములు వినగానే దయ్యం భయం మాయమైంది. దానికి బదులు వచ్చిన భయం ముందు దయ్యం ఎంత? బఠాణీగింజంత నీటిబొట్టు నా కళ్లముందు మెరిసింది. అంతలోనే ఇంజను అందుకుంది, విమానం కదిలింది.

లేచి పరిగెత్తాను. ముసుగు కాళ్లకు, మెడకు చుట్టుకుని నాతో పాటే వచ్చింది. ప్రొపెల్లరు ముందుకు పోకూడదన్న తెలివి మాత్రం మిగిలింది కాబట్టి, రెక్క కొస పక్కనుంచి చేతులూపుతూ అరిచాను. కుడి సీటులో ఉన్న చెవిమాస్టారు, పట్టపగలు తెల్లటి ఆకారం ఒకటి గాల్లో తేలుతూ రావడం చూసి, "కెప్టెన్ గారూ! టోపీ ఆ అమ్మాయే తీసింది!" అని కెవ్వున కేక వేశాడట.

ఇంజను ఆగింది. తలుపు తెరుచుకుంది. కెప్టెన్ గారి టోపీ కింద మా ఆవిడ మొహం.

"దిగు! దిగవే! ట్యాంకులో నీళ్లున్నాయి! ఆదివారమే చూశాను!"

ఆవిడ దిగింది. తొణకలేదు. "సోమవారమే తీసేశారు. మూత రబ్బరు మార్చారు మాస్టారు. ఇందాక నేను మూడుసార్లు తీసి చూశాను, చుక్క లేదు," అంది. ఆ తర్వాత ఆగింది. "ఏమన్నారూ? ఆదివారమే చూశారా?"

నేను ముసుగు విప్పుకునే పనిలో పడ్డాను.

"చూస్తే పుస్తకంలో ఏది?"

"అంటే… నువ్వు ఎక్కుతావని నాకేం తెలుసు?"

"ఎవరో ఒకరు ఎక్కుతారండీ. ఆ పుస్తకం ఉన్నది అందుకే." ఆవిడ గొంతు వణికింది. పద్దెనిమిదేళ్లలో ఆవిడ గొంతు వణకడం నేను వినలేదు. "వారం వారం అబద్ధాలు రాశారు, నవ్వుకున్నాను. మీ భయం నాకు రెండేళ్లుగా తెలుసు. చెబుతారేమోనని చూశాను. కానీ ఒక్క నిజం కనబడితే అది దాచారు. ఈ మూత రబ్బరు మాస్టారు చూడకపోతే?"

సిగ్గుతో తల దించుకున్నాను.

తర్వాత తెలిసిందేమిటంటే, ఏడాదిగా బుధవారాలు లైబ్రరీకి ఒంటిపూట కాగానే ఆవిడ మాస్టారి దగ్గర ఫ్లయింగ్ క్లబ్బు విమానంలో ఎగరడం నేర్చుకుంటోంది. నెలన్నరగా మా విమానంలో చెయ్యి తిప్పుకుంటోంది. లైసెన్సు కూడా వచ్చేసింది. ఏ రాతనైనా దించేయడం పాతపుస్తకాలు అతికేవాళ్లకు రోజూ ఉండే పని. చిరిగిన పేజీలో పోయిన అక్షరాలు వాళ్లే పూరించాలి.

"టోపీ ఎందుకు?" అన్నాను నీరసంగా.

"ఎండ కళ్లలో పడుతోంది. ఊళ్లో అందరికీ చలవ అద్దాలు ఇస్తారు, ఇంట్లోవాళ్లకు ఇవ్వరుగా."

పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. "రాయండి. ఈసారి నిజం."

ఎండలో, రెక్కకింద నిలబడి ఎడమ పేజీలో రాశాను: "ఎడమ సీటులో కూర్చునేవాడికి భయం. రెండేళ్లుగా. అప్పుడప్పుడు కాదు, ఎప్పుడూ."

ఆవిడ చదివింది. చేతిసంచిలోంచి కలం తీసి, ఊదా సిరాతో, కుడి పేజీలో రాసింది: "కుడి సీటులో కూర్చోబెట్టి చూడాలి."

మాస్టారు సంతకం పెట్టి కిందికి దిగాడు.

నేను కుడివైపు ఎక్కాను. ఆవిడ నాలుగు గళ్లు ముందుకు జరిగిన సీటులో కూర్చుంది. పైకి లేచినప్పుడు కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఇంటి మీదున్నాం. డాబా అగ్గిపెట్టెంత ఉంది. తాడు మీద బట్టలు రంగురంగుల చుక్కల్లా ఉన్నాయి. ఆవిడ ఒక రెక్క వంచి చాలాసేపు చూసింది. కళ్లు తడిసినట్టున్నాయి. ఏదో గొప్ప మాట అంటుందని ఎదురుచూశాను.

"పొద్దున మిమ్మల్ని ఆరేయమన్న దుప్పటి ఇంకా బక్కెట్లోనే ఉంది," అంది.

ఇంతటితో బుద్ధి వస్తే నేనెందుకు నేనవుతాను? ఆ రాత్రి, షెడ్డునుంచి తెచ్చిన పుస్తకాలు తిరగేస్తుంటే నా కంట ఒకటి పడింది. ఆవిడ అంతా దించింది గానీ, కెప్టెన్ గారి సున్నా, మధ్యలో చుక్క మరిచిపోయింది. ఒక్కసారైనా ఆవిణ్ణి భయపెట్టకపోతే మగపుట్టుక ఎందుకనిపించింది. మర్నాడు ఆవిడ కలం అడిగి తీసుకుని, ఆవిడ ఆఖరి జవాబు చివర చక్కగా ఒక సున్నా చుట్టి, చుక్క పెట్టి, పుస్తకం ఎదురుగా పెట్టాను.

"ఇది చూశావా?" అన్నాను గొంతు తగ్గించి. "ఈ గుర్తు నువ్వు పెట్టావా?"

ఆవిడ చూసింది. పేజీని వెలుతురుకు ఎత్తి మళ్లీ చూసింది.

"నేను పెట్టలేదు."

"మరి?" నా ఒళ్లు నాకే జలదరించింది, అంత బాగా అడిగాను.

"సున్నా గుండ్రంగా రాలేదండీ. కింద వంకర పోయింది," అని పుస్తకం మూసి నా చేతికిచ్చింది. "వణికేది చూసేవాడి చెయ్యి అని మొదటివారమే రాశానుగా. వెళ్లి దుప్పటి ఆరేయండి."